ఐర్లండ్ పల్లెదారి: మీ ప్రశ్నలు, మా జవాబులు

డబ్లిన్‌లోనో గాల్వేలోనో చదువుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్తూ, పనిలోపనిగా అక్కడి పల్లెలూ పాత కట్టడాలూ చూసిరావాలనుకునే పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఈసారి.

ప్రశ్న: మా అబ్బాయి గాల్వేలో ఎమ్మెస్ చేస్తున్నాడు. జూన్‌లో ఏడు రోజులకు నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. మోహర్ కొండ అంచులు, కెర్రీ, న్యూగ్రేంజ్ పాత రాతి సమాధి, ఉత్తరాన జెయింట్స్ కాజ్‌వే అనే రాతి స్తంభాల తీరం, నాలుగూ చూడాలి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఎలా పెట్టుకోమంటారు? (ఒంగోలు)

జవాబు: ముందు కాజ్‌వే కొట్టేయండి. అది ఉత్తర ఐర్లండ్‌లో, అంటే బ్రిటన్ కింద ఉంది. దారిలో గేటూ పోలీసూ కనబడరు కాబట్టి చాలామంది అదీ ఇదీ ఒకటే దేశం అనుకుని వెళ్లిపోతారు. భారతీయులకు అక్కడ బ్రిటన్ అనుమతి కావాలి. మీ ఐర్లండ్ వీసా మీద 'బీఐవీఎస్' (బ్రిటన్, ఐర్లండ్ ఉమ్మడి వీసా పథకం) అని ఉంటే, ముందు ఐర్లండ్‌లో దిగి ఆ తర్వాత అటు వెళ్లొచ్చు. మీ అబ్బాయి సంగతి వేరు. చేతిలో ఐర్లండ్ నివాస కార్డు ఉన్నా, అది ఉత్తరానికి పనికిరాదు. అతనికి బ్రిటన్ వీసా విడిగా ఉండాల్సిందే. అమ్మానాన్నలు సరిహద్దు దాటొచ్చు, కొడుకు దాటకూడదు! ఇంకోమాట, యూరప్‌లో చాలా దేశాలకు ఒకే వీసా చెల్లే షెంగెన్ ఏర్పాటులో ఐర్లండ్ లేదు. ఫ్రాన్స్ కోసం తీసుకున్న వీసా చూపించి డబ్లిన్‌లో దిగలేరు.

మిగిలిన మూడింటికి గాల్వేలో మూడు రాత్రులు, కెర్రీ చూడ్డానికి అక్కడి కిల్లార్నీ ఊళ్లో రెండు, న్యూగ్రేంజ్ కోసం చివరి రెండు డబ్లిన్‌లో పెట్టుకోండి. గాల్వే నుంచి మోహర్‌కు 350 నంబరు బస్సుంది. దూరం 75 కిలోమీటర్లే అయినా, కారులో కూడా గంటన్నర తీసుకోండి. పల్లె రోడ్లలో కిలోమీటర్లు లెక్కపెట్టి లాభం లేదు, గంటలు లెక్కపెట్టాలి.

మోహర్ దగ్గర సముద్రం మీద నిట్టనిలువుగా లేచిన గోడ ఎత్తు గరిష్ఠంగా 214 మీటర్లు. 1835లో కట్టిన ఓబ్రియన్ టవర్ వైపు దారి ఎక్కుడుగా ఉంటుంది. ఆవిడ అంతవరకూ నడవనక్కర్లేదు, ముందున్న చదును దగ్గర నిలబడినా అంచులు బాగానే కనిపిస్తాయి. అడ్డుగోడ దాటి గడ్డి మీదికి మాత్రం ఎవరూ వెళ్లకండి. ఆ కొండ పలకరాయి, ఇసుకరాయి పొరలు పేర్చినట్టుంటుంది. అలలు కింద పొరలను తినేస్తే పైన గడ్డి పెళ్ల గాల్లో వేలాడుతూ మిగులుతుంది. పైనుంచి చూస్తే గట్టి నేలలాగే ఉంటుంది. ఇక గొడుగు ఇంట్లో పెట్టేయండి. మన తుపాను గాలిలో గొడుగు ఏమవుతుందో అక్కడ మామూలు రోజునే అదవుతుంది. టోపీ కుట్టి ఉన్న వాన కోటు, జారని అడుగున్న బూట్లు చాలు. జూన్ అయినా పగటి వేడి 15 నుంచి 20 డిగ్రీలే.

కిల్లార్నీ నేషనల్ పార్కులో గుర్రపు బండ్లున్నాయి. మన పాత జట్కాలకు దాయాదులు. మక్‌రాస్ హౌస్ అనే పాత బంగళా, చెరువుల పక్క దారులు వాటి మీదే తిరగొచ్చు, మోకాళ్లకు ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. రింగ్ ఆఫ్ కెర్రీ అనే చుట్టు రోడ్డు 179 కిలోమీటర్లు. దానికి టూరు బస్సు ఎక్కడం మంచిది.

జూన్‌లో రాత్రి 10 వరకూ వెలుతురుంటుంది. అది చూసి మోసపోకండి. చాలా చారిత్రక కట్టడాలు సాయంత్రం 6 లోపే మూసేస్తారు, చివరి ప్రవేశం అంతకు ముప్పావుగంటో గంటో ముందు. కాబట్టి కట్టడాలు పొద్దున, కొండలూ సముద్రమూ సాయంత్రం. ప్రభుత్వ కట్టడాలన్నిటికీ కలిపి హెరిటేజ్ కార్డు అని ఏడాదిపాటు చెల్లేది అమ్ముతారు. మీరు చూసే రెండు మూడు చోట్లకు అది గిట్టదు. మోహర్‌కు అది వర్తించదు కూడా.

ప్రశ్న: గ్రానైటు పనిలో ఉన్నాను. న్యూగ్రేంజ్ 5 వేల ఏళ్ల నాటిదనీ, సున్నం, సిమెంటు లేకుండా కప్పు నిలిచిందనీ చదివాను. అదెలా? అక్కడ ఏం గమనించాలి? (చీమకుర్తి)

జవాబు: క్రీస్తుపూర్వం 3200 ప్రాంతంలో కట్టారు, ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతది. బయటికి సుమారు 85 మీటర్ల అడ్డకొలత ఉన్న మట్టి దిబ్బ, దాని చుట్టూ 97 పెద్ద రాళ్లు. లోపలికి 19 మీటర్ల సన్న దారి, చివర గది. కిటుకంతా ఆ గది కప్పులో ఉంది. బల్లపరుపు రాళ్లను వరస మీద వరస పేరుస్తూ, ప్రతి వరసనూ కింది దానికన్నా కాస్త లోపలికి జరిపారు. రాయి వెనక భాగం మీద దిబ్బ బరువు పడుతుంది కాబట్టి ముందుకు తూలదు. అలా ముడుచుకుంటూ పోయి 6 మీటర్ల ఎత్తున ఒకే రాతితో మూసేశారు. రాళ్లను బయటివైపు కాస్త వాలుగా పెట్టడం వల్ల నీళ్లు వెనక్కి జారిపోతాయి. దారి కప్పు రాళ్ల పైముఖాన నీరు పోవడానికి గాడులు కూడా చెక్కారు. సందుల్లో కాల్చిన మట్టి, సముద్రపు ఇసుక కూరారు. లోపల ఇప్పటికీ పొడిగా ఉంటుంది.

గుమ్మం పైన చిన్న కిటికీ లాంటి సందుంది. డిసెంబరు 21కి అటూ ఇటూ కొన్ని రోజులు సూర్యోదయపు వెలుగు అందులోంచి దూరి గది నేలను తాకి, సుమారు 17 నిమిషాలు ఉంటుంది. తవ్వకాలు నడిపిన ఎం.జె. ఓకెల్లీ 1967లో దీన్ని కళ్లారా చూశారు. ఆ రోజుల్లో లోపలికి వెళ్లడానికి లాటరీ తీస్తారు. మిగతా రోజుల్లో గైడు దీపం వేసి చూపిస్తారు.

మీ పనివాళ్ల కన్ను పట్టేసే సంగతి ఒకటుంది. ముందు కనిపించే తెల్ల క్వార్ట్జ్ గోడ ఆ వాలులో ఊరికే నిలబడేది కాదు. అది 20వ శతాబ్దంలో వెనక కాంక్రీటు ఆసరాతో తిరిగి నిలబెట్టింది. అసలు రూపం అదేనా అని పురావస్తు పండితుల్లో ఇంకా వాదన ఉంది. కప్పు మాత్రం పాతదే.

మ్యాపులో న్యూగ్రేంజ్ అని కొట్టి దిబ్బ దగ్గరికే కారు పోనిస్తే వెనక్కి రావాల్సిందే. బ్రూ న బోయిన్ సందర్శకుల కేంద్రానికి వెళ్లాలి, అక్కడి బస్సే దిబ్బ దగ్గరికి తీసుకెళ్తుంది. టికెట్ ముందే కొనాలి. లోపలి దారిలో కొన్నిచోట్ల వంగి, పక్కకు తిరిగి నడవాలి. ఫోటోలు లోపల తీయనివ్వరు. ఇదే పేర్పు నేల మీద విడిగా చూడాలంటే డింగిల్ దగ్గర గల్లరస్ అనే చిన్న ప్రార్థన మందిరం ఉంది, బోర్లించిన పడవలా ఉంటుంది.

ప్రశ్న: అక్కడా ఎడమవైపే నడుపుతారట. ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నాను. అద్దె కారు తీసుకోవచ్చా? (కావలి)

జవాబు: తీసుకోవచ్చు. మన లైసెన్సు చెల్లుతుంది. ఆర్టీవో దగ్గర అంతర్జాతీయ పర్మిట్ కూడా తీసుకెళ్తే కౌంటరులో మాటలు తగ్గుతాయి. క్రెడిట్ కార్డు నడిపేవాళ్ల పేరు మీదే ఉండాలి. ఆటోమేటిక్ కావాలంటే బుకింగులోనే చెప్పండి.

కష్టం ఎడమ కుడి కాదు, వెడల్పు. పల్లె రోడ్డుకు రెండువైపులా పచ్చటి పొదలుంటాయి, వాటి లోపల రాతి గోడ దాగి ఉంటుంది. ఎదురు బండికి జడిసి ఎడమకు ఒరిగితే పోయేది ఎడమ టైరు, ఎడమ అద్దం. టైర్లూ అద్దాలూ చాలా బీమాల్లో ఉండవు, సంతకం ముందే అడగండి. ఎదురుగా బండి వస్తే, వెడల్పు చోటు ఎవరికి దగ్గరైతే వాళ్లు వెనక్కి పోతారు. హారన్ కొట్టకండి, తిట్టినట్టు లెక్క. ఎదుటివాళ్లు స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తితే అది పలకరింపు, మీరూ ఎత్తండి.

వేగం పరిమితి మోటారు మార్గాల మీద 120, జాతీయ రోడ్ల మీద 100, ప్రాంతీయ రోడ్ల మీద 80. చిన్న పల్లె రోడ్లకు 2025 ఫిబ్రవరి నుంచి 80 తీసేసి 60 చేశారు. అది కూడా పరిమితే, లక్ష్యం కాదు. డబ్లిన్ చుట్టూ ఉన్న ఎం50 మీద టోలు గేటుండదు. కెమెరా నంబరు పట్టుకుంటుంది, మర్నాడు రాత్రి 8 లోపు కట్టాలి. అద్దె సంస్థే కడుతుందేమో ముందు కనుక్కోండి. పెట్రోలు బంకులో పచ్చ గొట్టం పెట్రోలు, నల్లది డీజిలు. మీరే పట్టుకోవాలి, పొరపాటు పడితే ఖర్చు మీదే. కెర్రీ నుంచి మోహర్ వైపు వెళ్తుంటే టార్బర్ట్ దగ్గర కారుతో సహా పడవ ఎక్కండి. 20 నిమిషాల్లో షానన్ నది దాటేస్తారు, లిమరిక్ చుట్టు తప్పుతుంది. సముద్రపు ఒడ్డున ఆపినప్పుడు కారు తలుపును చేత్తో గట్టిగా పట్టుకుని తీయండి. గాలికి కీలు విరిగిన కార్లు అక్కడ కొత్త కాదు.

ప్రశ్న: పిల్లలకు మలై కాజా, గోంగూర పచ్చడి, నాటుకోడి పచ్చడి పట్టుకెళ్లొచ్చా? (నెల్లూరు)

జవాబు: గోంగూర వెళ్తుంది. కోడి పచ్చడి వెళ్లదు. యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు సామానులో తేవడం నిషేధం, నెయ్యీ కోవా కూడా ఆ లెక్కలోనే. మీగడ కాజా గురించి కస్టమ్స్ వాళ్లతో వాదించడం కన్నా ఇక్కడే తినేసి బయల్దేరడం మేలు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. పల్లెల్లో హోటలు వంటగది రాత్రి 9 లోపే కట్టేస్తారు. శాకాహారులు 'కూరగాయల సూప్' అన్నా కోడి ఎముకల నీళ్లు వాడారా అని అడిగి తాగండి.

ప్రశ్న: పడమటి వైపు బోర్డులన్నీ ఐరిష్‌లోనే ఉంటాయట. ఇంగ్లీషుతో నెట్టుకురాగలమా? (కనిగిరి)

జవాబు: ఇంగ్లీషు రాని మనిషి తగలడు. ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లో మాత్రం ఊరి బోర్డు మీద ఐరిష్ పేరొక్కటే ఉంటుంది. డింగిల్‌కు కొన్ని బోర్డుల మీద 'అన్ డైంగన్' అని ఉంటుంది, వెళ్లే ఊరి రెండు పేర్లూ కాగితం మీద రాసుకోండి. అసలు చిక్కు మరుగుదొడ్ల దగ్గర. 'ఎఫ్'తో మొదలయ్యే 'ఫిర్' అంటే మగవాళ్లు, 'ఎమ్'తో మొదలయ్యే 'మ్నా' అంటే ఆడవాళ్లు. బొమ్మ లేని తలుపుల దగ్గర ఇంగ్లీషు అక్షరం చూసి దూరితే, తప్పు తలుపే.