సముద్రపు ఉప్పు వల్ల ఓజోన్ తగ్గుతుందా?

అక్కా, మైపాడు బీచ్‌లో ఎగిరే ఉప్పు తుంపరలోనూ క్లోరిన్ ఉంది కదా, ఓజోన్ తగ్గడానికి అదే కారణమని పాప ప్రాజెక్టులో రాయొచ్చా అని అడిగారు. వద్దు, అలా రాయించకండి. ఉప్పు నీళ్లలో కరుగుతుంది, ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌కు (వాతావరణంలో పై పొర) చేరకముందే వానతో కిందికి వచ్చేస్తుంది. పాత ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీలు (క్లోరిన్ ఉన్న కృత్రిమ వాయువులు) అలా కరగవు. ఏళ్ల తరబడి గాల్లోనే ఉండి పైకి చేరతాయి, అక్కడ అతినీలలోహిత కిరణాలు తగిలి విడిపోయి క్లోరిన్‌ను వదులుతాయి. ఒక్క క్లోరిన్ పరమాణువు వేల ఓజోన్ అణువులను నాశనం చేయగలదు. అసలు దెబ్బ అదే!

అయితే ప్రకృతి పాత్రను పూర్తిగా కొట్టేయకండి. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం చిమ్మిన గంధకపు తుంపరల వల్ల, అప్పటికే పైన ఉన్న క్లోరిన్ ఇంకా చురుకై కొంతకాలం ఓజోన్ తగ్గింది. ఓజోన్‌ను కాపాడేందుకు దేశాలు చేసుకున్న 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత సీఎఫ్‌సీలు ఆగిపోతూ వచ్చి, ఓజోన్ పొర నెమ్మదిగా కోలుకుంటోందని కూడా తప్పకుండా రాయించండి.