గుండె పంపింగ్ తగ్గిన వారిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కొత్తగా బయటపడితే ఆగి చూడవచ్చా?

మీ అమ్మగారికి గుండె పంపింగ్ ముందునుంచే తక్కువని, రెండు నెలల క్రితం ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి వణకడం) తేలిందని, మాత్రలతో నాడి వేగం తగ్గి ఇబ్బందేమీ లేనప్పుడు లయను సరిచేసే చికిత్స ఇప్పుడే కావాలా అని అడిగారు. నేను డాక్టరును కాను. దేవరకొండ దగ్గర ఉండే మా నాన్నకు ఇదే పరిస్థితి వచ్చినప్పుడు, ఆయాసం లేదు కదా అని మేము ఏడాదికి పైగా ఆగిపోయాము కాబట్టి రాస్తున్నాను.

బీపీ మిషన్‌లో నాడి 80 చూపేది, మేము నిశ్చింతగా ఉండేవాళ్ళం. మణికట్టు పట్టుకుంటే మాత్రం రెండు దెబ్బలు దగ్గరగా, తర్వాత ఒక ఖాళీ, మళ్ళీ మూడు గబగబా తగిలేవి. బత్తాయి తోటలో మోటారు వేయడానికి వెళ్ళిన మనిషి గట్టు మీదే కూర్చుండిపోయిన రోజున చూస్తే, కాలి మడమ పైన వేలితో నొక్కిన గుంట అలాగే ఉండిపోయింది. నాలుగు రోజుల్లో మూడు కిలోల బరువు పెరిగారు. నల్లగొండలో చేర్పించి నీరు తీయించాము. పై గదులు వణుకుతూ ఉంటే కింది గదులకు చివరి విడత రక్తం సరిగా అందదని, బలహీనమైన గుండెకు ఆ విడత పెద్ద ఆసరా అని అప్పుడు తెలిసింది.

2020లో వెలువడిన ఈస్ట్-ఏఎఫ్‌నెట్ 4 అనే పరిశోధనలో, జబ్బు బయటపడి ఏడాది దాటని వారికి మందులతోనో అబ్లేషన్‌తోనో (గుండెలోకి సన్నని గొట్టం పంపి, లయ తప్పించే చోటును నిర్వీర్యం చేయడం) లయను సరిచేసే ప్రయత్నం వెంటనే మొదలుపెట్టారు. అందులో గుండె వైఫల్యం ఉన్న 798 మందిని విడిగా చూస్తే, గుండె జబ్బుతో మరణం, పక్షవాతం, గుండె సమస్యతో ఆసుపత్రిలో చేరడం వంటివి ఈ చికిత్స పొందిన 396 మందిలో 94 మందికి, మామూలు చికిత్స పొందిన 402 మందిలో 130 మందికి ఎదురయ్యాయి. లక్షణాలు లేనివారికీ మేలు తగ్గలేదు. మీ ప్రశ్నకు ఇదే ముఖ్యమని నా అభిప్రాయం.

మందుల ఎంపిక మాత్రం సున్నితమైనది. పంపింగ్ తగ్గిన గుండెకు ఫ్లెకైనైడ్ అనే లయ మందు వాడకూడదు, అందుకే నాన్నకు అమియోడరోన్ అనే మరో లయ మందు ఇచ్చి, ఆరు నెలలకోసారి థైరాయిడ్, లివర్ పరీక్షలు చేయిస్తున్నారు. దానితో, రక్తం పల్చబడడానికి వాడే వార్ఫరిన్ ప్రభావం పెరుగుతుంది కనుక ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే పరీక్ష) తరచుగా చూపించుకోవలసి వచ్చింది. లయ కుదిరిందని రక్తం పల్చబడే మాత్రను సొంతంగా మానేయకండి, పక్షవాతం ముప్పు ఉన్నవారికి అది కొనసాగాల్సిందే.

నాన్నకు లయ సరిచేసే కరెంటు షాక్ ఇచ్చే నాటికి ఎడమ పై గది బాగా పెరిగిపోయింది, రెండోసారి ఇస్తే గానీ లయ నిలవలేదు. మీకు రెండు నెలలే అయింది. వచ్చే ఓపీకి టూడీ ఎకో (గుండె స్కాన్) రిపోర్టు తీసుకెళ్ళి, ఆ గది పరిమాణం ఎంత ఉందో, అబ్లేషన్‌కు అమ్మగారు తగినవారో కాదో అడగండి.