ఒక్క రోజు పనికి రెండు రూపాయల వడ్డీయా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం. సొంతం ఐదెకరాలు, కౌలు మూడెకరాలు. అంతా నల్లరేగడే, ఏటా శనగ వేస్తాను. విత్తే రోజుల్లో సీడ్ డ్రిల్ (ట్రాక్టరుకు తగిలించి విత్తే యంత్రం) అద్దెకు దొరకడం కష్టంగా ఉంది. ట్రాక్టరు, డీజిలు వాళ్లవే అయితే ఎకరాకు 800 తీసుకుంటున్నారు. మన వంతు వచ్చేసరికి పదును, అంటే విత్తడానికి నేలలో ఉండాల్సిన తడి, ఆరిపోతోంది. తొమ్మిది సాళ్ల డ్రిల్ కొత్తది 72,000 చెప్పారు. సబ్సిడీ జాబితాలో ఈసారి నా పేరు రాలేదు. బ్యాంకులో 62,000 ఉన్నాయి. అందులోంచి 32,000 తీసి, మిగతా 40,000 ఊళ్లో తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. బావమరిదికి ట్రాక్టరుంది, డీజిలు పోయిస్తే చాలు. ఇంటి ఖర్చు నెలకు 12,000. నా వయసు 44. పంట రుణం కార్డు ఉంది కానీ పూర్తిగా వాడలేదు. మిగ్‌జాం తుపానప్పుడు మూడెకరాలు మళ్లీ విత్తడానికి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాను, పోయినేడే విడిపించాను. డ్రిల్ కొనడం మంచిదేనా?

జవాబు: వద్దండీ. కనీసం ఈ ఏడాది, ఈ పద్ధతిలో వద్దు. ఇలాంటి ఉత్తరాలు పంపుసెట్ల గురించి, స్ప్రేయర్ల గురించి, రోటవేటర్ల గురించి కూడా వస్తుంటాయి. అన్నిట్లోనూ ఒకటే పొరపాటు. యంత్రం ధర చూస్తారు, సబ్సిడీ చూస్తారు, అది ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుందో మాత్రం చూడరు.

మీ లెక్కే చూద్దాం. తొమ్మిది సాళ్ల డ్రిల్ గంటకు ఎకరంన్నర విత్తుతుందనుకున్నా మీ ఎనిమిదెకరాలు ఐదారు గంటల పని. పొద్దున మొదలుపెడితే సాయంత్రం టీ వేళకు అయిపోతుంది. ఆ తర్వాత 364 రోజులు అది పశువుల కొట్టం పక్కన ఉంటుంది. మా మేనమామ గారింట్లో ఇలాగే కొన్న డ్రిల్ వేపచెట్టు కింద ఉండేది. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే, విత్తనాల పెట్టెలో కోడి పెట్టిన గుడ్లు తీసుకురావడం నా పని. ఎరువు పెట్టె అడుగైతే డీఏపీ చెమ్మకు తుప్పు పట్టి చెయ్యి పట్టేంత చిల్లి పడింది.

ఎనిమిదెకరాలకు మీరిప్పుడు కడుతున్న అద్దె 6,400. సొంత డ్రిల్ ఉన్నా అదంతా మిగలదు, డీజిలు ఎలాగూ పోయించాలి. ఎకరాకు 300 డీజిలుకు పోతే మిగిలేది 500, అంటే ఏడాదికి 4,000. 72,000 తిరిగి రావడానికి 18 ఏళ్లు. ఇందులో వడ్డీ వెయ్యలేదు, మరమ్మతులు వెయ్యలేదు.

ఇక వడ్డీ. రెండు రూపాయలని తేలిగ్గా రాశారు. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. 40,000కు నెలకు 800, ఏడాదికి 9,600. 6,400 అద్దె భారమని 9,600 వడ్డీ నెత్తికెత్తుకుంటున్నారు, అసలు అలాగే ఉంటుంది. శనగ డబ్బు చేతికొచ్చేది పంట అమ్మాక. ఆయన వడ్డీ మాత్రం ప్రతి నెలా అడుగుతాడు. పంట రుణం కార్డు మీద 3 లక్షల లోపు 7 శాతానికి వస్తుంది, గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది. ఆ కార్డు ఇంట్లో పెట్టుకుని తెలిసినాయన గుమ్మం ఎక్కడమేమిటో నాకు అర్థం కాలేదు. విత్తనం, ఎరువు ఖర్చు కార్డు మీద పెట్టి, చేతిలో డబ్బు కదలకుండా ఉంచుకోండి.

ఆ చేతిలో డబ్బు గురించే నా గోలంతా. గాజుల సంగతి మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు ఉత్తరం మొత్తంలో అదే ముఖ్యం. మిగ్‌జాం 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి విత్తే అదను దాటిపోతోంది, నీళ్లు తీయగానే మళ్లీ విత్తాలి. ఆ నాలుగు రోజుల్లో డబ్బు కావాలి, బ్యాంకు మేనేజరు సెలవు నుంచి వచ్చేదాకా ఆగడం కుదరదు. కాబట్టే గాజులు వెళ్లాయి. మన తీరంలో అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుపాన్ల నెలలు, సరిగ్గా శనగ మొలకెత్తి నిలదొక్కుకునే నెలలు కూడా అవే. రేగడిలో నీళ్లు నిలిస్తే విత్తనం కుళ్లిపోతుంది. ఇది పదేళ్లకోసారి వచ్చే కష్టమనుకోకండి, ప్రతి ఏడూ వచ్చే అవకాశం ఉన్న ఖర్చుగా రాసుకోండి.

అందుకే శనగ రైతు అత్యవసర నిధి అంటే, నా దృష్టిలో ముందు రెండో విత్తు డబ్బు. ఎకరాకు 30 కిలోల చొప్పున ఎనిమిదెకరాలకు 240 కిలోల విత్తనం. కిలో 85 వేసుకున్నా 20,400. మళ్లీ దుక్కికి ఎకరాకు 1,000 చొప్పున 8,000. మళ్లీ డ్రిల్ అద్దె 6,400. మొత్తం 34,800. పంట ఆలస్యమైతే ఇల్లు గడవడానికి నాలుగు నెలల ఖర్చు 48,000. కలిపితే 82,800. మీ దగ్గరున్నది 62,000. అంటే ఇప్పటికే 20,800 తక్కువ. అందులోంచి ఇంకో 32,000 తీస్తానంటున్నారు. మిగిలే 30,000కు రెండో విత్తు కూడా పూర్తి కాదు, మళ్లీ గాజులే. ముందు ఆ 20,800 పూడ్చండి. వేరే ఖాతాలో వేసి, దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి.

భీమా సంగతి ఒక్క మాట. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద భీమా, 436 రూపాయల జీవిత భీమా రెండూ ఉన్నాయో లేదో పాస్‌బుక్కులో చూసుకోండి, ఒక్కోటి 2 లక్షలకు. కౌలు మూడెకరాలు ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) మీ పేరున ఎక్కించుకోండి, లేకపోతే పంట నష్టం డబ్బు భూమి యజమానికి పోతుంది.

బయటివాళ్లకు అద్దెకిచ్చి డబ్బు రాబడదామని ఎవరో చెప్పే ఉంటారు. ఆ పది రోజులూ అందరికీ ఒకేసారి పదును వస్తుంది, మీ బావమరిదికి కూడా. ఆయన పొలం వదిలి మీ డ్రిల్ లాగడానికి ఎన్ని రోజులు వస్తాడో ముందు ఆయన్నే అడగండి.

పదును పోతోందన్న మీ బాధ మాత్రం నిజం. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ దానికి 72,000 మందు అక్కర్లేదు. దసరా రాకముందే డ్రిల్ యజమానిని కలిసి 2,000 అడ్వాన్సు ఇవ్వండి. మొదటి వంతు మనకే అని ఖాయం చేసుకుని, ఎకరాకు 800 బదులు 1,000 ఇస్తానని చెప్పండి. అదనంగా పోయేది 1,600, మీరు కట్టబోయిన వడ్డీలో రెండు నెలలది. ఊళ్లో ఎద్దుల గొర్రు ఇంకా తిరుగుతుంటే కౌలు చెక్కకు దాన్ని పిలవండి. పొలంలోకి దిగేముందు డ్రిల్ చక్రాన్ని పైకెత్తి పదిసార్లు తిప్పి, అన్ని గొట్టాల్లోంచీ గింజ సమానంగా పడుతోందో లేదో చూసుకోండి. ఒక గొట్టం మట్టితో పూడితే ఆ సాలంతా ఖాళీ, అది తెలిసేది వారం తర్వాత.

అయినా సొంత డ్రిల్ ఉండాల్సిందేనంటే పక్క పొలాలవాళ్లు మరో నలుగురిని కలుపుకోండి. ఒక్కొక్కరికి 14,400 పడుతుంది, నలభై ఎకరాలకు తిరుగుతుంది, అప్పుడు లెక్క కుదురుతుంది. నిధి పూర్తయ్యాక చేయండి, ఈలోపు రైతు సేవా కేంద్రంలో సబ్సిడీకి మళ్లీ దరఖాస్తు పెట్టండి. పాతది దొరికినా ఫర్వాలేదు, రంగు కాదు గింజ వదిలే రోలర్లు చూసి కొనండి. ఐదుగురూ ఒక కాగితం రాసుకోవాలి. ఏ ఏడు ఎవరి పొలం ముందు, విరిగితే ఎవరు కట్టాలి, విత్తడం అయ్యాక ఎరువు పెట్టె కడిగి ఆరబెట్టేదెవరు. మిగతా రెండింటి మీద ఎలాగూ మాట్లాడుకుంటారు, ఆ మూడోది తప్పకుండా రాయించండి.