గద్వాల చీర ఏ అరలో పెట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి నల్లగొండలో బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆన్‌లైన్ షాపుల వెబ్‌సైట్లు డిజైన్ చేసే పని నేర్చుకుంటానంటోంది. కోడింగ్ అంతగా రాదు, బొమ్మలు వేయడమూ రాదు. ఈ దారిలో పంపొచ్చా?

జవాబు: పంపొచ్చండీ. దీన్ని యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్) డిజైన్ అంటారు. కొనేవాళ్లకు కావాల్సింది తడుముకోకుండా దొరికేలా చేయడమే ఇందులో అసలు పని. బొమ్మలు రాకపోయినా నడుస్తుంది. నాలుగు సర్టిఫికెట్ల కన్నా సొంతంగా చేసిన ఒక్క ప్రాజెక్టు ఎక్కువ అక్కరకొస్తుంది. చీరల షాపు మెనూ తీసుకోమనండి.

గద్వాల చీరనే చూడండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. పూర్తి పట్టు గద్వాలలూ ఉన్నాయి. మెనూలో ‘కాటన్ చీరలు’, ‘పట్టు చీరలు’ అని రెండే అరలుంటే అది ఎటు పోవాలి? ఒకచోట పెడితే, రెండోచోట వెతికినవాళ్లు లేదనుకుని వెళ్లిపోతారు. అందుకే మెనూలో వస్తువు రకం పెట్టాలి: చీరలు, దుపట్టాలు, డ్రెస్ మెటీరియల్, బెడ్‌షీట్లు. నూలా పట్టా, రంగు, ధర ఫిల్టర్లలోకి పోవాలి. అక్కడ గద్వాలకు రెండు గుర్తులూ పెట్టొచ్చు. నారాయణపేట, పోచంపల్లి అని పేరుతోనే వెతికేవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లకోసం చీరల కింద ఆ పేర్లు విడిగా ఉండాలి. ‘స్పెషల్ కలెక్షన్’ మాత్రం వద్దు, లోపల ఏముందో అది చెప్పదు.

ముందు 40 చీటీల మీద ఒక్కో వస్తువు పేరు రాసి, 15 మందిని ఒక్కొక్కరినే పిలిచి, ఒకచోట ఉండాలనిపించినవన్నీ ఒక కుప్పగా పెట్టించాలి. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే చెల్లుతుంది. కుప్పలకు పేర్లూ వాళ్లే పెట్టాలి. దుకాణదారులను ఇందులో కలపొద్దు, వాళ్లు సరుకు సర్దుకునే అలవాటుతోనే సర్దుతారు. ఆ కుప్పలను బట్టి వచ్చిన మెనూను ఉత్త కాగితం మీద రాసి, కొత్తవాళ్లకు చూపి అడగాలి: ‘పెద్దమ్మ ఎండాకాలం ఇంట్లో కట్టుకోడానికి 2,000 లోపు కావాలి, ఎక్కడ చూస్తారు?’ ప్రశ్నలో ‘కాటన్’ అన్నామంటే ఆ మాట వెతికి వేలు పెడతారు, పరీక్ష వృథా. వేలు మొదట ఎక్కడ పడిందో రాసుకోవాలి.

ఆ తర్వాతే ఫోన్ తెర. మౌస్ ఆనిస్తే తెరుచుకునే ఉపమెనూ వేలికి పనికిరాదు. ‘చీరలు’ నొక్కగానే ఉపమెనూ తెరుచుకుని, మొదటి వరుసలో ‘అన్ని చీరలు’ కనిపించాలి. అది మరిస్తే మొత్తం చూడాలనుకున్నవాళ్లకు దారే ఉండదు. నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లుండాలని 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన ప్రమాణాలు) చెబుతుంది. బొటనవేలికి అది ఇరుకే, వరుస ఎత్తు 48 పెట్టమనండి.

తెరలు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మాను ఉచితంగానే మొదలుపెట్టొచ్చు. కోడింగ్ అంతగా రాకపోయినా, వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ మాత్రం తప్పక నేర్చుకోవాలి. ఎం.డిజైన్ చదవాలనుకుంటే డిగ్రీ చివరి ఏడాదిలో ఐఐటీ బాంబే పెట్టే సీడ్ (CEED) ప్రవేశ పరీక్ష రాయొచ్చు, అది రాయడానికి బీకాం వాళ్లకూ అర్హత ఉంది. చీటీల ఫొటోలు, జనం ఎక్కడ తడబడ్డారో రాసుకున్న కాగితాలు పారేయొద్దనండి. ఇంటర్వ్యూలో ‘ఈ అర ఎందుకు తీసేశావు?’ అని అడిగినప్పుడు చూపించాల్సినవి అవే.