పాటతో వెట్టి పోతుందా? మా తాత విన్న పాట సంగతి

"పాటలూ పద్యాలూ రాస్తే బానిసత్వం పోతుందా?" అని ఒకరు అడిగారు. పాట ఒక్కటే పోగొట్టిందని నేను అనను. కానీ అది చేసే పనేంటో మా ఇంట్లో చూశాను.

మాది పాత నల్లగొండ జిల్లా. అప్పు తీరక మా ముత్తాత, ఎనిమిదేళ్ల మా తాతను దొర ఇంట్లో జీతానికి పెట్టాడు. తెల్లారకముందే కొట్టంలో పేడ ఎత్తాలి, పసులను తోలుకుపోవాలి, చీకటి పడ్డాకే రావాలి. ఏడాది గడిచినా అప్పు అప్పులాగే ఉండేది. వెట్టి దీనికి వేరు: ఏ కులానికి ఆ పని, కూలి మాటే లేకుండా గడీకి, అంటే దొర ఉండే కోటలాంటి ఇంటికి, చేసిపెట్టాలి. నిజాం కాలంలో ఊళ్లకు ఊళ్లు దీన్ని తలరాత అనుకుని మోశాయి.

తెలంగాణ సాయుధ పోరాట కాలపు కవి సుద్దాల హనుమంతు అలాంటి జీతగాడి మీదే 'పల్లెటూరి పిల్లగాడా' పాట కట్టాడు. ఆ తర్వాత 'మా భూమి' సినిమాతో అది అందరికీ తెలిసింది గానీ, తాత విన్నది సంగపోళ్ల (దొరలకు ఎదురు నిలిచిన ఆంధ్ర మహాసభ సంఘం వాళ్ల) నోట, ఓ రాత్రిపూట, పొరుగూళ్లో. "నన్ను ఒరేయ్ అనుడే గాని పేరు పెట్టి పిలిచినోడు లేడు బిడ్డా. ఆ పాట నన్ను మొనగాడా అన్నది" అనేవాడు. పాటలో చాలీచాలని చింపులంగీ ఉంది, తాటి జెగ్గల కాలిజోడు ఉంది. అవి తన ఒంటి మీదివే, తన కాళ్లవే. ఇది రాత కాదు, ఎవరో చేస్తున్న అన్యాయం అని ఆ రాత్రే తట్టిందట.

హనుమంతు ఇంట్లో కూర్చుని రాసిన మనిషి కాదు. ఊళ్లు తిరిగి సంఘం పెట్టించాడు. బుర్రకథ, గొల్లసుద్దులు లాంటి, జనానికి పుట్టినప్పటి నుంచీ తెలిసిన వరసల్లో చెప్పాడు. చదువు రానివాళ్లకు కరపత్రం ఏం పనికొస్తుంది? పాటైతే ఒక్కసారి వింటే నాట్లేసే చోటికి వెళ్లిపోతుంది. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఊళ్లు తిరగబడ్డాయి, ఇక వెట్టి చేసేది లేదని గడీ ముందే చెప్పాయి. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో, అంటే 30 ఏళ్ల తర్వాత. అందుకే కవి పాత్ర చిన్నదంటే నేను ఒప్పుకోను.

తాత పోయే ముందు ఏడాది, జెగ్గలంటే ఏంటని అడిగితే తాటిమట్ట మొదలు కోసి, నార కట్టి ఒక జత చేసిచ్చాడు. తొడుక్కుని పదడుగులు వేశాను. వేళ్ల సందున నార ఒరుసుకుని మండింది. "ఇడువు బిడ్డా, ఇగ చాలు" అన్నాడు.