ఇనిషియల్ వెనక ఇంటిపేరు

చిరంజీవి అమ్మాయికి,

కథ అందింది, చదివాను. మీ మద్రాసు పెరంబూరు పిల్ల నాలుగు పేజీల పొడుగునా "నేనెవర్ని?" అని అడుగుతూనే ఉంది. ఆ పిల్లని అడగనివ్వకు. ఆ అనుమానం చదివేవాడికి రావాలి.

నాకు నచ్చింది నువ్వు రెండు వాక్యాల్లో దాటేసిన చోటు. బళ్ళో హాజరు పట్టీలో ఆ పిల్లకున్నది నాన్న పేరులోని మొదటి అక్షరమొక్కటే. నెల్లూరులో పెళ్ళికి వెళ్తే ఓ పెద్దావిడ గడ్డం పట్టుకుని "మీ ఇంటిపేరేందమ్మా?" అంది. చెప్పగానే మొహం విప్పారింది. "అయితే మనోళ్ళే!" అక్కడ ఆగాలి నువ్వు. పేర్ల చివర కులం తోకలు తీసేద్దామని పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమం వాళ్ళు 1929లో చెంగల్పట్టు సభలో తీర్మానించారు. ఆ గాలి వీచిన ఊళ్ళో ఇనిషియల్‌తో పెరిగిన పిల్ల, ఒక్క మాటతో కులంలోకి వెళ్ళి కూర్చుంది. సంతోషపడిందా? పడితే, వెంట వచ్చిన స్నేహితురాలినీ అదే మాట అడిగినప్పుడు ఆ పెద్దావిడ చెయ్యి ఏమైంది? కథంతా అక్కడుంది.

తెలుగువాళ్ళని వెక్కిరించే "గొల్టి" అన్న మాటతో క్లాసులో ఏడిపించడం బాగానే రాశావు. కన్నీళ్ళే కాస్త ఎక్కువయ్యాయి. మరి అదే పిల్ల ఇంట్లో, బాల్కనీ గూట్లో పనామె కోసం విడిగా బోర్లించిన స్టీలు గ్లాసు మాటేమిటి? అడుగున సొట్ట, అంచుకి ఎండిన టీ మరక. అది ముట్టుకోకూడదని ఎవరూ చెప్పి ఉండరు. అయినా బడికి వెళ్ళే ఈడు రాకముందే తెలిసిపోతుంది. ఆ గ్లాసు లేకుండా గొల్టి కథ రాస్తే నేను నమ్మను.

ఇక భాష. తమిళనాడు 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచీ తమిళం తప్పనిసరైన కాలంలో చదివినదానివి, తెలుగు అక్షరాలు అమ్మమ్మ దగ్గర దిద్దానన్నావు. ఒత్తులు తప్పుతున్నాయి, సరిచూసుకో. కానీ హైదరాబాదు సంపాదకులు మెచ్చాలని ఆవిడ మాటలు మార్చకు. "అంగడికి పోయొస్తా" అనే మనిషి నీ కథలో "షాప్‌కి వెళ్ళొస్తాను" అంటోంది!

ముందు పెళ్ళి ఘట్టం ఒక్కటే తిరగరాసి పంపు. టైపు చేసి పంపితే మేలు, నీ చేతిరాత నా కళ్ళకి ఆనడం లేదు.

ఆశీస్సులతో,
మైలాపూరు నుంచి మీ మాస్టారు