మా లాంటి కరువు ప్రాంతాల్లో, వానలు ఇట్ల గతి తప్పినంక, అభివృద్ధికి ప్రణాళిక ఎట్ల వెయ్యాలె?

మాది మహారాష్ట్రల నాందేడ్ జిల్లా, దేగ్లూర్ పక్కన పల్లె. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. ప్రణాళికలు వేసేంత చదువు నాకు లేదు గాని, ఒకటి మా కాక చేన్ల తవ్వుతుంటే దగ్గరుండి చూసిన.

సర్కారు సబ్సిడీ మీద వచ్చిన శేత్‌తళే అది, అంటే చేన్ల నీళ్ల కుంట. వాన నీళ్లు పట్టి పెట్టుకొని, నడుమల వాన ఎగ్గొడితే సోయాకు ఒక తడి ఇయ్యాలని లెక్క. జేసీబీ వచ్చింది, నల్ల ప్లాస్టిక్ పరిచిన్రు, ఫొటో దిగి పోయిన్రు. చుట్టూ కట్ట ఎంత ఎత్తు పోసిన్రంటే, చేన్ల పారే వాన నీళ్లకు లోపలికి తొవ్వే లేదు! కార్తీకంల కాక బోరు పైపు తెచ్చి అండ్ల ఏసిండు. కరెంటు రాత్రిపూటే గదా, పది రాత్రులు నడిచింది మోటారు. భూమిల సల్లగున్న నీళ్లను తోడి ఎండకు పెట్టుడన్నట్టు.

మాఘం రాంగనే పక్కచేను తాత బావి అడుగు తేలింది. మేమంతా ఈత నేర్చుకున్న బావి అది. తాత లొల్లి పెట్టలే. ఒకరోజు పొద్దుగాల బిందె పట్టుకొని కట్ట మీదికొచ్చి, "నా నీళ్లే గదరా, ఒక బిందె ముంచుకుంట" అన్నడు. కాక తల ఎత్తలే.

2014ల మా సర్కారు జలయుక్త్ శివార్ అని నీళ్ల పథకం మొదలువెట్టి ఏడాదికి 5000 ఊళ్లకు కరువు లేకుండ చేస్తమన్నరు. తవ్వుడు మీదున్న సోయి తోడుడు మీద ఏది? అహల్యానగర్ జిల్లాల హివరే బజార్ అని ఊరుంది. ఏటా వాన కొలుస్తరు, గ్రామసభల నీళ్ల పద్దు రాస్తరు, ఏ పంట ఎయ్యాల్నో ఆ తర్వాతనే మాట. సాగుకు బోర్లు బంద్, చెరుకు బంద్. నన్నడిగితే ప్రణాళిక అంటే గంతే, మిగిలిందంతా జేసీబీల కిరాయి. మావోళ్లు బస్సు కట్టుకొని పోయి చూసొచ్చిన్రు కూడా. వచ్చిన వారానికే ఊర్ల ఇంకో బోరు పడ్డది.

ఇగ ధర్మాబాద్ కాడ గోదావరి మీదున్న బాభళీ సంగతి. 2.74 టీఎంసీల బరాజ్ కోసం మహారాష్ట్ర, అప్పటి ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టు దాక పోయినయి. జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాక గేట్లు తెరిచే ఉంచాలని 2013ల తీర్పొచ్చింది. ఇప్పటికీ బాసర దిక్కు చుట్టాలు పెండ్లికొస్తే అన్నం కాడ అదే కొట్లాట. మా బోర్లు ఎన్ని టీఎంసీలు తోడుతున్నయో మాత్రం ఏ చుట్టమూ అడగడు.

కాక ఈ ఏడు ఇంకో శేత్‌తళేకు దరఖాస్తు పెట్టిండు. ఆయనకు మరాఠీ రాయరాదు. ఫారం నింపింది నేనే.